యోసేపుకు కబురు చేసిందెవరు?

ఆదికాండం 48వ అధ్యాయం రెండు కబుర్లతో మొదలవుతుంది. తండ్రికి జబ్బు చేసిందని ఎవరో వెళ్లి యోసేపుకు చెప్పారు. కొడుకు వస్తున్నాడని ఎవరో వెళ్లి యాకోబుకు చెప్పారు. మొదటి కబురు అందగానే యోసేపు ఐగుప్తు రాజ్యభారాన్ని పక్కనబెట్టి, మనష్షే, ఎఫ్రాయిములను వెంటబెట్టుకుని బయల్దేరాడు. రెండో కబురు అందగానే యాకోబు, చూపు మందగించి మంచం పట్టిన ఆ ముసలాయన, ఉన్న బలమంతా కూడగట్టుకుని లేచి కూర్చున్నాడు. ఆ రోజు మనవల తలల మీద చేతులు మార్చి ఉంచి ఆయన ఇచ్చిన ఆశీర్వాదం గురించి మీరు ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. మేమూ ఎన్నోసార్లు చెప్పాం. కానీ ఆ కబురు మోసిన మనిషి గురించి మా ఇన్నేళ్ల సేవలో ఒక్క ప్రసంగమూ చేయలేదు. అతని పేరు లేఖనంలో లేదు. అతను ఆ పూట బద్ధకించి ఉంటే, లేదా జబ్బు సంగతి తేలాక చెబుదాంలే అనుకుని ఉంటే, ఆ అధ్యాయమే ఉండేది కాదు.

ఆ కుటుంబానికి కబురు విలువ బాగా తెలుసు. పూర్వం అన్నలు యోసేపును అమ్మేసి, అతని అంగీని మేక రక్తంలో ముంచి తండ్రికి పంపారు. నీ కొడుకు చచ్చిపోయాడని వాళ్లు అనలేదు. చూసి పోల్చుకోమన్నారు, అంతే. సగం కబురు తామిచ్చి, మిగతా సగం తండ్రి భయానికి వదిలేశారు. ఆ సగం కబురుతో యాకోబు 20 ఏళ్లకు పైగా ఏడ్చాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మాకు ఒక బాకీ ఉంది. అది చెప్పుకోకుండా ఈ విషయం మీద రాసే అర్హత మాకు లేదు.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేది. మందస దగ్గర ఒక పల్లె ఆమెది. భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు. ఉద్దానంలో ఈ ముక్కకు వివరణ అక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస తీరాన్ని తాకినప్పుడు వాళ్లకున్న కొబ్బరిచెట్లూ జీడిచెట్లూ నేలకొరిగాయి. కొబ్బరిచెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఒక్కగానొక్క కొడుకు భార్యాపిల్లల్ని తీసుకుని చెన్నై వెళ్లి భవన నిర్మాణ పనుల్లో చేరాడు. తల్లి కొన్నాళ్లు ఒంటరిగా నెట్టుకొచ్చింది. 2019లో జిల్లాలోనే ఒక వృద్ధాశ్రమంలో చేర్చారు. చేర్చిన రోజు మేమూ వెంట వెళ్లాం. ఫారంలో సంరక్షకుడు అన్న గడిలో కొడుకు తన పేరూ నంబరూ రాశాడు. దాని కింద రెండో గడి ఖాళీగా ఉంది. “నాను దూరంల ఉంతాను గదా అయ్యగారూ, ఇక్కడ మీ నంబరు రాసేయమంతారా?” అని అడిగాడు. రాయమన్నాం. సంతకమూ పెట్టాం. ప్రార్థన చేసి వచ్చేశాం.

2023 ఫిబ్రవరిలో ఒక గురువారం రాత్రి ఆమె స్నానాల గదిలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆశ్రమంలో రాత్రిపూట ఉండేది ఒకే ఒక్క ఆయా. ఆ అమ్మాయి వెంటనే 108కి ఫోను చేసింది. అందులో తప్పు లేదు, ఆలస్యమూ లేదు. తర్వాత కొడుకు నంబరుకు చేసింది. ఆ నంబరు వాడుకలో లేదని పలికింది. చెన్నైలో మేస్త్రీ మారినప్పుడు సిమ్ కూడా మారింది. కొత్త నంబరు మేస్త్రీకి తెలుసు, కిరాణా కొట్టుకు తెలుసు, ఆశ్రమానికి తెలియదు. తర్వాత మా నంబరుకు మూడుసార్లు చేసింది.

మా ఫోను ఆఫ్‌లో ఉంది. గురువారం నుంచి శనివారం దాకా సంఘంలో ఉజ్జీవ కూటాలు. బోధకుని ఫోను కూటం మధ్యలో మోగడం మాకు నచ్చదు. కూటాల మూడు రోజులూ పాస్టరూ పెద్దలూ ఫోన్లు ఆపేయాలన్న నియమం పెట్టింది మేమే. ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాం. ఆ మూడు రాత్రులు ఏ అంశం మీద బోధించామో ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది.

మిగతా పదిహేడు మంది ముసలివాళ్లను వదిలి ఆ ఆయా అంబులెన్సులో వెళ్లలేకపోయింది. పెద్దమ్మ ఒంటరిగా వెళ్లింది. మొదటి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఆపరేషను తమ దగ్గర కాదని మరో పెద్ద ఆసుపత్రికి పంపించారు. ఆశ్రమానికి మొదటి ఆసుపత్రి పేరు తెలుసు, రెండోదాని పేరు తెలియదు. ఈలోగా ఇచ్ఛాపురంలో ఉన్న ఆమె తమ్ముడి కూతురికి ఎవరి ద్వారానో ఆస్పత్రికి తీసుకుపోయారట అన్న ఒక్క ముక్క చేరింది. ఇచ్ఛాపురం వాళ్లకు పెద్ద జబ్బు అంటే బరంపురమే. ఆ అమ్మాయీ భర్తా బరంపురం వెళ్లి, ఒక పగలంతా వార్డులు వెతికి, ఏడ్చుకుంటూ తిరిగి వచ్చారు.

ఆదివారం ఆరాధన ముగిశాక మేము ఫోను తీశాం. మిస్డ్ కాల్ సందేశాలు మూడూ ఒకేసారి వచ్చి పడ్డాయి. ఆశ్రమానికి ఫోను చేస్తే, “గురువారమే పంపించేశామండీ, మీకు చేశాం, తియ్యలేదు” అన్నారు. అది నిజం. ఆ రోజంతా వెతికి, సోమవారం మధ్యాహ్నానికి ఆమెను కనుక్కున్నాం. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. కేసు షీటులో అటెండెంటు పేరు ఉండాల్సిన చోట ఖాళీ. మమ్మల్ని చూడగానే ఆమె నొప్పి గురించి చెప్పలేదు, ఇన్నాళ్లూ ఎక్కడున్నారని అడగలేదు. “మా గుంటడికి కబురెట్టినారేటి అయ్యగారూ?” అంది.

మా దగ్గర జవాబు లేదు. మేము ఇంకా కబురు పెట్టలేదు. ఎవరికి పెట్టాలో కూడా మాకు తెలియదు.

చివరికి వాళ్ల ఊరివాడే ఒకడు చెన్నైలో అదే మేస్త్రీ దగ్గర పనిచేస్తున్నాడని తెలిసి, అతని ద్వారా కబురు పంపాం. కొడుకు జనరల్ బోగీలో నిలబడి బుధవారం వచ్చాడు. ఆపరేషను గురువారం జరిగింది, పడిన వారానికి. స్పృహలో ఉన్న పెద్దమనిషి తన ఆపరేషనుకు తానే సంతకం పెట్టవచ్చు, ఆ మాట నిజమే. కానీ మన ఆసుపత్రులు ఎలా నడుస్తాయో అందరికీ తెలుసు. రక్తం తేవాలన్నా, స్ట్రెచరు తోయాలన్నా, మందుల చీటీ పట్టుకుని కిందికి పరుగెత్తాలన్నా, ఆపరేషను తర్వాత రాత్రంతా మేలుకోవాలన్నా పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి లేని రోగికి అన్నీ ఆలస్యమే. తుంటి విరిగిన ముసలివాళ్లకు చేరిన రోజునో మర్నాడో ఆపరేషను చేయాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మంచాన పడి ఉన్నకొద్దీ పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, రక్తం గడ్డకడుతుంది. ఆ తర్వాత ఆమె పది నెలలు బతికింది. మళ్లీ నడవలేదు. ముందే చేసి ఉంటే నడిచేదా అని డాక్టరుగారిని అడిగాం. చెప్పలేమన్నారు. ఆయన నిజాయితీగానే అన్నారు. కానీ ఆ మాట మమ్మల్ని వదలలేదు.

ఆశ్రమం నడిపే ఆమెతో తర్వాత చాలాసేపు మాట్లాడాం. నిందించడానికి వెళ్లి, విని వచ్చాం. అర్ధరాత్రి ఫోను చేస్తే, పొద్దున్న చెప్పలేకపోయారా అని కోప్పడే కొడుకులున్నారట. ఎలా ఉందని అడగకముందే ఎంతవుతుందని అడిగేవాళ్లున్నారట. ఆశ్రమం నంబరు కనిపిస్తే తియ్యడమే మానేసినవాళ్లు ఉన్నారట. వీళ్లందరికంటే కష్టమైనవాళ్లు మరొకరున్నారు. “మావోడికి సెలవు దొరకదు, చెప్పొద్దమ్మా” అని స్ట్రెచరు మీద నుంచి చెయ్యి పట్టుకుని బతిమాలే తల్లులు. ఇన్ని అనుభవాల మీద ఆమెకు ఒక అలవాటు ఏర్పడింది. “ముందు ఏమైందో తెలియనీ, తెలిశాక చెబుదాం అనుకుంటామండీ” అంది.

మంచి మనసుతో చేసే పొరపాటు అది. మా అభిప్రాయం సూటిగా చెబుతాం. కబురు వెళ్లాల్సింది ఫలితం తేలాక కాదు, మనిషి గడప దాటినప్పుడు. అంబులెన్సు ఇంజను ఆడుతుండగానే ఫోను మోగాలి. ఆ గంటలో చెప్పగలిగింది కొంచెమే. ఫలానా టైముకు పడింది, ఫలానా ఆసుపత్రికి బయల్దేరింది, వెంట ఫలానావారు ఉన్నారు, లేదా ఎవరూ లేరు. ఆ కొంచెమే చాలు. ఎముక విరిగిందా, బెణికిందా అన్నది డాక్టరు చెబుతాడు. కొడుకు చెన్నైలో రైలెక్కడానికి ఎక్స్‌రే అక్కరలేదు.

బేతనియలో మరియ, మార్తలు ఇలాగే చేశారు. యోహాను సువార్త 11వ అధ్యాయం చూడండి. తమ్ముడు లాజరు జబ్బుపడగానే యొర్దాను అవతలున్న యేసుకు మనిషిని పంపారు. ఏమని? ఆయన ప్రేమించేవాడు రోగి అయ్యాడని మాత్రమే. త్వరగా రమ్మని ఆజ్ఞ లేదు, స్వస్థపరచమని విన్నపమూ లేదు. జబ్బు ఎక్కువవుతుందో తగ్గుతుందో చూద్దామని వాళ్లు ఆగలేదు. ప్రేమించేవాడికి తెలియాలి, తెలిశాక ఏం చేయాలో ఆయనకు వదిలేశారు. ప్రభువు రెండు రోజులు ఆలస్యం చేశాడు, దానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. కబురు వైపు నుంచి మాత్రం ఆలస్యం జరగలేదు. ఆ పోలికలో మేము పడాల్సిన చోటేదో మాకు తెలుసు. మా ఆలస్యానికి దేవుని మహిమ కారణం కాదు, బీరువా తాళం కారణం.

సగం కబురు చేసే హాని గురించి పౌలు కూడా రాశాడు. ఫిలిప్పీ సంఘం తరఫున కానుక పట్టుకెళ్లిన ఎపఫ్రొదితు అక్కడ జబ్బుపడి చావుదాకా వెళ్లాడు. ఆ పత్రిక రెండో అధ్యాయంలో ఒక విచిత్రమైన సంగతి ఉంది. ఎపఫ్రొదితు దిగులుపడింది తన జబ్బుకు కాదు, తాను జబ్బుపడ్డానని ఊళ్లోవాళ్లకు తెలిసినందుకు. జబ్బుపడ్డాడన్న మాట వెళ్లింది, కోలుకున్నాడన్న మాట వెళ్లలేదు. అక్కడ వాళ్లు ఎంత కుమిలిపోతున్నారో అని ఇక్కడ ఇతను కుమిలిపోతున్నాడు. పౌలు ఆ సగాన్ని పూర్తి చేయడానికి ఉత్తరంతో సరిపెట్టలేదు, మనిషినే తిరిగి పంపాడు. మొదటి కబురు చెప్పేశాం కదా అని ఊరుకునేవాళ్లు ఆ వచనాలు మళ్లీ చదవాలి. ఇచ్ఛాపురం అమ్మాయి బరంపురంలో తిరిగిన పగలంతా ఆ రెండో కబురు లేకపోవడం వల్ల పోయిన పగలే.

మన ప్రాంతంలో ఇది మరీ అవసరం. మందసలో ఒక మనిషిని అంబులెన్సు ఎక్కిస్తే అది ఏ దిక్కుకు పోతుందో ముందే చెప్పలేం. దగ్గర్లో హరిపురం, పలాస, సోంపేట, టెక్కలి ఉన్నాయి. అక్కడ కాదంటే దక్షిణాన శ్రీకాకుళం, అదీ దాటితే విశాఖపట్నం కేజీహెచ్. ఉత్తరాన రాష్ట్రం దాటితే బరంపురం. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాక కిడ్నీ రోగులకు కొంత దారి దగ్గరైంది. కానీ తుంటి విరిగినా, పక్షవాతం వచ్చినా, గుండె పట్టేసినా ఒక చోటి నుంచి మరో చోటికి రిఫర్ చేయడం మామూలే. అలా పంపిన ప్రతిసారీ కొత్త కబురు వెళ్లాలి. ఆశ్రమం ఫోను చేసి మొదటి ఆసుపత్రికి అప్పగించాక తన పని అయిపోయిందనుకుంటుంది. ఆసుపత్రి తనకు తెలిసిన నంబరు లేదు కనుక తన పని కాదనుకుంటుంది. మధ్యలో మనిషి మాయమవుతుంది. పెద్ద ఖర్చుతో పనిలేదు. ఒక చీటీ మీద పేరు, ఊరు, వాడే మందులు, పిలవాల్సిన రెండు నంబర్లు రాసి, ఆధార్ నకలుతో, వైద్య సేవ కార్డు నకలుతో కలిపి రోగి చీర కొంగుకు పిన్ను పెట్టినా సరిపోతుంది. పెద్దమ్మ కార్డు ఆశ్రమం ఆఫీసు బీరువాలో ఉండిపోయింది. బీరువాలతో మాకూ వాళ్లకూ అలా బంధుత్వం కుదిరింది. కళ్లద్దాలు కూడా మంచం పక్కనే ఉండిపోయాయి. నాలుగు రోజులు ఆమె మసక మసకగా మొహాలు చూసింది.

చట్టం ఏం చెబుతోందని కొందరు అడుగుతారు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ఉండాలని 19వ సెక్షను చెబుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు వీలైనంతవరకు పడకలు, వేరే వరుసలు ఉండాలని 20వ సెక్షను చెబుతుంది. చూసుకోవాల్సిన బాధ్యత ఉన్నవాడు ముసలివాళ్లను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 24వ సెక్షను చెబుతుంది. మంచి మాటలే. అయితే ఆశ్రమం నుంచి ఆసుపత్రికి తరలించేటప్పుడు ఇంటివారికి కబురు చేయాలన్న మాట ఈ సెక్షన్లలో లేదు. చట్టం రాసినవాళ్లు అది చెప్పాల్సిన పని లేదనుకున్నారేమో.

అమెరికాలో చెప్పాల్సి వచ్చింది. మన దగ్గర నర్సింగ్ హోము అంటే ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ నర్సింగ్ హోము అంటే ముసలివాళ్లూ జబ్బువాళ్లూ ఏళ్ల తరబడి ఉండే చోటు. 1987లో వాటి సంస్కరణకు ఒక చట్టం తెచ్చారు. దాని కింద ఉన్న ఫెడరల్ నిబంధనల్లో ఈ విషయం స్పష్టంగా ఉంది. గాయమై వైద్యం అవసరం పడేలా ఉన్నా, ఆరోగ్యంలో పెద్ద మార్పు వచ్చినా, వైద్యం గణనీయంగా మార్చాల్సి వచ్చినా, అక్కడి నుంచి తరలించాలని నిర్ణయించినా వెంటనే ఆ మనిషికి చెప్పాలి, డాక్టరును సంప్రదించాలి, ఆ మనిషి తరఫు ప్రతినిధికి కబురు చేయాలి. ఆ నిబంధనలో మమ్మల్ని ఎక్కువగా ఆపింది మరో చిన్న వాక్యం. ప్రతినిధి చిరునామా, ఫోను నంబరు నమోదు చేసుకోవడమే కాదు, అప్పుడప్పుడు సరిచూసి కొత్తవి రాసుకోవాలట. 2019లో రాసిన నంబరును 2023లో నమ్ముకున్న మాకు అది చురక.

అందులో ఇంకో మాటా గమనించాలి. మొదట చెప్పాల్సింది ఆ మనిషికే. మంచంతో సహా ఎత్తుకుపోయే తొందరలో ఎక్కడికి తీసుకెళ్తున్నామో ముసలివాళ్లకు చెప్పడం మనం మర్చిపోతాం. ఎవరికి కబురు చేయాలో వాళ్లనే అడగడం కూడా మర్యాదే. కొడుక్కి చెప్పొద్దు అనే తల్లి సంగతేమిటి? మేము ఆలోచించి ఒక అభిప్రాయానికి వచ్చాం. ఆ మాట స్ట్రెచరు మీద అడగకూడదు. ఆశ్రమంలో చేరిన నెలలోనే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే, నిదానంగా కూర్చుని అడగాలి. కొడుక్కి వద్దంటే కూతురికా, చెల్లెలికా, సంఘానికా? ఆమె చెప్పిన పేరు రాసుకోవాలి. ఎవరికీ వద్దన్న మాటను మాత్రం మేము తేలిగ్గా తీసుకోం. అది నిజంగా ఆమె కోరికో, లేక ఎవరూ రారన్న భయమో కనుక్కోవాలి. చాలాసార్లు రెండోదే.

సెమినరీలో గ్రీకు నేర్పినప్పుడు పరాక్లేతోస్ అనే మాట దగ్గర మా గురువులు ఒక పీరియడంతా ఆగేవారు. మన బైబిలులో దాన్ని ఆదరణకర్త అన్నారు. ఆ మాట మూలార్థం పక్కన నిలబడటానికి పిలిపించుకున్నవాడు అని. మార్కులు బాగానే తెచ్చుకున్నాం ఆ పేపరులో. ఆశ్రమం ఫారంలో రెండో గడిలో సంతకం పెట్టినప్పుడు మేము ఒప్పుకున్నది సరిగ్గా అదే పని అని మాత్రం తోచలేదు. పిలిచారు, మూడుసార్లు పిలిచారు.

ఉద్దానం సంఘాల్లో ఇలాంటి సంతకాలు పెట్టిన పాస్టర్లు చాలామంది ఉంటారు. పిల్లలు చెన్నై, హైదరాబాదు, గుజరాత్‌లోని వెరావల్ రేవు, గల్ఫ్ దేశాలు పట్టిపోయారు. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లూ, పాస్టరూ. సంతకం పెట్టేటప్పుడు అది మర్యాద కోసం పెట్టే సంతకం అనిపిస్తుంది. దానివల్ల చట్టప్రకారం మనం గార్డియన్లం కాకపోవచ్చు. కానీ ఆ రాత్రి ఆయా చేతిలో ఉన్న దారి ఆ నంబరొక్కటే. ఈ పని మన సంఘాలకు కొత్తదీ కాదు. సోంపేట ఆరోగ్యవరంలో కెనడా బాప్టిస్టు మిషనరీ డాక్టర్ బెన్ గలిసన్ కంటివైద్యం చేసిన నేల ఇది. ఆ ఆసుపత్రికి సాయంగా 1963లో కెనడాలో మొదలైన పనే ఆపరేషన్ ఐసైట్ సంస్థగా పెరిగింది. రోగి మంచం పక్కన నిలబడటం నేర్చుకున్న సంఘాలు మనవి. మంచం ఏ ఊళ్లో ఉందో తెలియడం దానికి మొదటి మెట్టు.

మా సంఘంలో ఇప్పుడు ఒక నోటుబుక్కు ఉంది. ఆశ్రమాల్లోనూ, ఇళ్లల్లో ఒంటరిగానూ ఉన్న సంఘస్థుల పేర్లు అందులో ఉన్నాయి. నెలలో మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం అయ్యాక స్త్రీల సమాజం వాళ్లు ఇద్దరు కూర్చుని ఒక్కో నంబరుకూ ఫోను చేస్తారు. ఎత్తితే, ఫలానా సంఘం నుంచండీ, మీ అమ్మగారు బాగున్నారు, నంబరు పనిచేస్తుందో లేదో చూస్తున్నామంతే అని పెట్టేస్తారు. మొదట్లో ఆ ఫోను రాగానే అవతల గుండె ఆగినంత పనయ్యేది. ఇప్పుడు అలవాటు పడ్డారు. మొదటి నెలలోనే 23 నంబర్లలో 8 పనిచేయలేదు. అంతకాలం మేమందరం ఆ 8 మంది గురించి నిశ్చింతగా ప్రార్థిస్తూనే ఉన్నాం. ఆశ్రమం వాళ్లతోనూ ఒక ఒప్పందం చేసుకున్నాం. ఎవరినైనా తరలిస్తే మాకు ఫోను చేస్తారు. వెంట వెళ్లడానికి వాళ్లకు మనిషి లేకపోతే మా యువకుల్లో ఒకడు మోటారు సైకిలు మీద ఆసుపత్రికి ముందే చేరతాడు. మా వాళ్లకే కాదు, ఆశ్రమంలో ఏ మతస్థులకైనా. ఈ రెండేళ్లలో అలా వెళ్లిన వాళ్లలో ఎక్కువమంది మన సంఘస్థులు కారు.

ఈ వ్యాసం దూరాన ఉన్న పిల్లలెవరైనా చదువుతుంటే ఒక్క విన్నపం. సిమ్ మార్చిన రోజే అమ్మానాన్నలున్న చోటికి కొత్త నంబరు చెప్పండి. రాత్రిపూట అంబులెన్సులో ఎవరు వెళ్తారో ఆశ్రమాన్ని అడగండి. అడగడం అవమానించడం కాదు. అర్ధరాత్రి ఫోను వస్తే కోప్పడకండి, ఆ ఒక్క కోపానికి భయపడి రెండోసారి చేయరు. ఎవరినీ పట్టుకోలేని స్థితిలో 14567 అనే వృద్ధుల హెల్ప్‌లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది, డబ్బు పడదు.

పెద్దమ్మ చివరి పది నెలలూ కొడుకు ఊళ్లోనే ఉన్నాడు. మేము వెళ్లి మా తప్పు ఒప్పుకున్నాం. అతను చాలాసేపు నేల చూపులు చూసి, “నానూ నంబరు సెప్పలేదు గదా అయ్యగారూ” అన్నాడు. ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు. లోపల్నుంచి ఆమె టీ పెట్టమని కోడలికి కేక వేసింది.

ఉజ్జీవ కూటాల నియమం మార్చాం. కూటం జరుగుతున్నంతసేపు పాస్టరు ఫోను సంఘ పెద్ద ఒకరి చొక్కా జేబులో ఉంటుంది, ఆఫ్ చేయకుండా. ఆయన చివరి వరుసలో తలుపు దగ్గర కూర్చుంటారు. మొదట్లో అది మోగితే అందరూ వెనక్కి తిరిగి మందలింపుగా చూసేవారు. ఇప్పుడు ఎవరూ తిరగడం లేదు. మేము మాత్రం బోధ ఒక్క క్షణం ఆపి, ఆయన బయటికి వెళ్లేదాకా చూసి, మళ్లీ మొదలుపెడతాం.